క్రిప్టో ధరను కదిపేదేది? తొమ్మిది కారకాలు, తొంభై రెండు గంటలు: ప్రాజెక్టు డైరీ

ఎవరైనా ఇదే పని మళ్ళీ చేసి చూసుకోవాలనీ, నేను పడ్డ చోట వాళ్ళు పడకూడదనీ ఈ డైరీ రాస్తున్నాను.

పని ఇది. క్రిప్టో ధరల్ని కదుపుతాయని అందరూ చెప్పే కారకాల్ని తొమ్మిదింటిని రాసుకున్నాను: యాక్టివ్ అడ్రసులు (ఆ సమయంలో లావాదేవీల్లో కనిపించిన ఖాతాలు), హ్యాష్ రేటు (కొత్త కాయిన్లు తవ్వే మైనింగ్ మెషీన్లన్నిటి లెక్కల వేగం), హాల్వింగ్ (కొత్త కాయిన్ల రాక సుమారు నాలుగేళ్ళకోసారి సగమవడం), స్టాక్ సూచీలు, జనం చేసే శోధనలు, మొత్తం క్రిప్టో మార్కెట్ కదలిక, కాయిన్ పరిమాణం (చలామణిలో ఉన్న కాయిన్ల మొత్తం విలువ, అంటే మార్కెట్ క్యాప్), మొమెంటం (ఇటీవల పెరిగినది ఇంకా పెరగడం), లీవరేజి (అప్పుతో పెంచుకున్న పందెం). ఒక్కోదాన్ని డేటాతో పరీక్షించి నోటు పుస్తకంలో మూడు గడుల్లో ఒకదాంట్లో వేయాలి. మొదటిది ‘కొట్టివేత’. రెండోది ‘తోడు నడక’, అంటే ధరతో పాటే కదులుతుంది గానీ ముందుగా ఏమీ చెప్పదు. మూడోది ‘ముందు సూచన’.

సరంజామా: మామూలు ల్యాప్‌టాప్, పైథాన్ కోడింగ్ భాష, అందులో డేటా లెక్కలకు వాడే పాండాస్, స్టాట్స్‌మోడల్స్ లైబ్రరీలు. డబ్బు పెట్టి కొన్న డేటా ఏదీ లేదు.

దశ 1: ధరల ఫైలు

ఒక పెద్ద ఎక్స్ఛేంజి అందరికీ అందుబాటులో ఉంచిన రోజువారీ ఫైళ్ళు దించుకున్నాను. బిట్‌కాయిన్‌కు 2017 ఆగస్టు 17 నుంచి 2025 మార్చి 31 దాకా. ఎన్ని వరుసలు రావాలో ముందే క్యాలెండరు పెట్టుకుని లెక్కేశాను: 2,784. ఈ అలవాటు చేసుకోండి. రావాల్సిన సంఖ్య ముందే చేతిలో లేకపోతే, వచ్చిన సంఖ్య ఏదైనా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది.

మొదటిసారి నడిపితే 2025 జనవరి దగ్గర స్క్రిప్టు ఆగిపోయింది. తేదీ పరిధి దాటిందని పాండాస్ మొరాయించింది. రెండు గంటలు నా కోడులోనే వెతికాను. తప్పు అక్కడ లేదు. అప్పటిదాకా మిల్లీసెకన్లలో, అంటే 13 అంకెల్లో ఉన్న టైమ్‌స్టాంపు (తేదీ, సమయం చెప్పే సంఖ్య) 2025 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లలోకి, 16 అంకెల్లోకి మారింది. మిల్లీసెకన్లనుకుని చదివితే తేదీ వేల ఏళ్ళ ముందుకు పోతుంది. పాండాస్ మామూలుగా 2262 దాటిన తేదీని పట్టదు కాబట్టి ఆగిపోయింది. ఆగడమే మంచిదైంది, లేకపోతే మూడు నెలల డేటా ఎటు పోయిందో తెలిసేది కాదు.

రెండో చిక్కు ముగింపు ధర. ఈ మార్కెట్‌కు మూత అంటూ లేదు, రోజుకు 24 గంటలూ, ఏడాదికి 365 రోజులూ నడుస్తుంది. ‘ముగింపు’ అన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి దగ్గర మనం గీసుకున్న గీత మాత్రమే. 2020 మార్చి 12 తీసుకోండి. అనేక ఎక్స్ఛేంజీల సగటు తీసే చోట ఆ రోజు ముగింపు 4,970 డాలర్ల దగ్గర ఉంటే, నేను దించుకున్న ఫైల్లో 4,800 దగ్గర ఉంది. మార్కెట్ కంగారుపడ్డ రోజునే ఎక్స్ఛేంజీల మధ్య ఎడం పెరుగుతుంది. మనం కొలవాలనుకునేదీ ఆ రోజునే.

మూడోది, ఏ కరెన్సీలో కొలుస్తున్నాం అన్నది. నా ఫైలు డాలర్లలో లేదు, డాలరుకు కట్టిన, అంటే ఒక్కోటి ఒక డాలరు ఉండేలా నడిపే స్టేబుల్‌కాయిన్‌లో ఉంది. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడ్డప్పుడు, యూఎస్‌డీసీ అనే అలాంటి స్టేబుల్‌కాయిన్ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అక్కడే ఉన్నాయని తెలిసి, మార్చి 11న ఆ కాయిన్ 88 సెంట్ల కిందికి జారింది. అది జారిన మేర, ఆ రోజు యూఎస్‌డీసీలో కొలిచిన ప్రతి కాయినూ 13 శాతం దాకా పెరిగినట్టు కనపడుతుంది. పెరిగింది కాయిన్ కాదు, కుంగింది కొలబద్ద.

చేసిన మార్పులు:
1. టైమ్‌స్టాంపు అంకెల పొడవు చూసి భాగించే వరుస ఒకటి చేర్చాను.
2. మూడు మూలాల ముగింపు ధరల్లో మధ్యది తీసుకున్నాను.
3. స్టేబుల్‌కాయిన్ ధరతో గుణించి అన్నీ డాలర్లలోకి మార్చాను.
4. ఒడిదుడుకుల్ని ఏడాదికి మార్చేటప్పుడు (రోజు అంకెను ఏడాదిలోని వ్యాపార దినాల వర్గమూలంతో గుణించాలి) స్టాక్ మార్కెట్ దినాలైన 252 తీసేసి 365 పెట్టాను. రోజుకు 3 శాతం ప్రామాణిక విచలనం (సగటు నుంచి మామూలుగా ఎంత అటూఇటూ ఊగుతుందన్న కొలత) ఉంటే 252తో ఏడాదికి 47.6 శాతం, 365తో 57.3 శాతం. స్టాక్ మార్కెట్ కోసం రాసిన కోడును తెచ్చి ఇక్కడ వాడితే రిస్కు అంత తక్కువగా కనిపిస్తుంది.

మొత్తం: 11 గంటలు. తీర్పులు 0/9.

దశ 2: ధర మీద రిగ్రెషన్, దాన్ని చెరిపేయడం

బిట్‌కాయిన్ ధరను ఒక పక్క, యాక్టివ్ అడ్రసుల సంఖ్యను ఇంకో పక్క పెట్టి, రెంటికీ లాగ్ (సంవర్గమానం) తీసి రిగ్రెషన్ వేశాను, అంటే రెంటి మధ్య సంబంధాన్ని చూపే గీత గీయించాను. గీత అద్దినట్టు కూర్చుంది. హ్యాష్ రేటుకూ అంతే. సంబంధం ఎంత గట్టిదో చెప్పే టీ-విలువలు పుస్తకాల్లో కూడా కనపడనంత పెద్దవి.

ఈ గీత ఇంత బాగా ఎందుకు కూర్చుందని అనుమానం వచ్చి ఒక పరీక్ష పెట్టాను. ఒకదానితో ఒకటికి ఏ సంబంధమూ లేని యాదృచ్ఛిక నడకల్ని (ప్రతి అడుగూ బొమ్మాబొరుసు వేసినట్టు పైకో కిందికో పడే వరుసల్ని), ఒక్కోటి వెయ్యి అడుగుల పొడవున, కంప్యూటర్‌తో పుట్టించాను. అలాంటి జతలు వెయ్యి. ఒక్కో జతకూ అదే రిగ్రెషన్ వేసి, ‘ఐదు శాతం స్థాయిలో సంబంధం ఉంది’ అని ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాను. న్యాయంగా 50 రావాలి. పదింటిలో తొమ్మిదికి పైగా వచ్చాయి. ఆర్థికవేత్తలు గ్రేంజర్, న్యూబోల్డ్ 1974లోనే చూపించిన సంగతి ఇది. పైకో కిందికో పాకుతూ పోయే రెండు వరుసలు పక్కపక్కన పెడితే వాటి మధ్య చుట్టరికం ఉన్నట్టే ఉంటుంది. బిట్‌కాయిన్ ధర ఫలానా సూత్రం ప్రకారం పెరుగుతుందని తిరిగే అందమైన గ్రాఫుల్లో చాలా వాటి కింద ఉన్నది ఇదే. ఆ గ్రాఫులు చూసి ఇంట్లో డబ్బు తీసి పెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ పరీక్ష తప్పకుండా చేసి చూడమంటున్నాను. కోడు ఇరవై వరుసలు కూడా ఉండదు.

ధరలు తీసేసి రాబడులు (ధరలో వచ్చిన మార్పు శాతం) పెట్టాను, అడ్రసుల సంఖ్య బదులు దాని మార్పు పెట్టాను. సంబంధం బాగా పలచబడింది గానీ పోలేదు. ధర ఎగిరిన వారంలో అడ్రసులు కూడా పెరుగుతాయి. ఈ వారం పెరిగిన అడ్రసులు వచ్చే వారం ధర గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. తోడు నడక.

హ్యాష్ రేటును కొట్టేశాను. అక్కడ కారణం వెనక నుంచి ముందుకు నడుస్తోంది. ధర పెరిగితే కొత్త మెషీన్లకు ఆర్డర్లు పెడతారు, అవి వచ్చి కరెంటుకు తగిలించేసరికి నెలలు పడుతుంది. అంటే ధర ముందు, హ్యాష్ రేటు వెనక. 2021లో చైనా మైనింగును తరిమేసినప్పుడు హ్యాష్ రేటు దాదాపు సగానికి పడింది. జులై 3న డిఫికల్టీ (మైనింగ్ ఎంత కష్టంగా ఉండాలో నెట్‌వర్కే సరిచేసుకునే కొలత) ఒక్క దెబ్బకు 28 శాతం తగ్గింది, అంత పెద్ద తగ్గింపు అంతకు ముందెప్పుడూ లేదు. హ్యాష్ రేటే ధరను మోస్తుంటే ఆ తర్వాతి నాలుగైదు నెలల్లో కొత్త శిఖరం వచ్చి ఉండకూడదు. నవంబరు 10న ధర 69,000 దగ్గరికి వెళ్ళింది.

మొత్తం: 20 గంటలు. తీర్పులు 2/9.

దశ 3: పోయిన కాయిన్లు

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది ఇదే. ఇక్కడ తప్పితే తర్వాతివన్నీ తప్పుతాయి.

పరిమాణం, మొమెంటం పరీక్షించాలంటే ఒక్క బిట్‌కాయిన్ చాలదు, వందల కాయిన్లు కావాలి. మార్కెట్ క్యాప్ ప్రకారం ఇప్పటి మొదటి 200 కాయిన్ల జాబితా తీసుకుని వాటి పాత ధరలు దించాను. సగటు రాబడి చూస్తే ఏ కాయిన్ కొన్నా లాభమే అన్నట్టుంది. ఆ పట్టికను ఈ డేటా మీద నాతో పాటు కూర్చునే కుర్రాడికి పంపాను. కాసేపటికి ఫోన్ చేశాడు.

“అన్నా, ఇందులో పోయిన కాయిన్లు ఒక్కటీ లేవేంటి? నా డబ్బు పోయిన కాయిన్ కూడా లేదు.”

వాడు పోగొట్టుకున్నది 2022 మేలో కుప్పకూలిన లూనా అనే కాయిన్‌లో. ఇప్పటి జాబితా అంటే బతికి బట్టకట్టిన వాటి జాబితా. ఊహకు ఒక లెక్క: వంద కాయిన్లలో 60 సున్నాకు పోయాయి, 40 రెట్టింపయ్యాయి అనుకుందాం. మిగిలిన వాటినే చూస్తే రాబడి నూటికి నూరు. వందా కొన్నవాడికి దక్కింది మాత్రం 20 శాతం నష్టం.

చరిత్రలో ఏ వారానికి ఆ వారం జాబితాను అలాగే దాచిన స్నాప్‌షాట్లు కాయిన్ల ధరలు చూపే సైటు కాయిన్‌మార్కెట్‌క్యాప్‌లో 2013 ఏప్రిల్ నుంచీ దొరుకుతాయి. అక్కడి నుంచి పేర్లు తీసి, ఒక్కో కాయిన్‌కూ చివరి ధర ఎక్కడుందో వెతికి పెట్టాను.

అప్పుడు ఇంకో పెద్ద తప్పు బయటపడింది. నా మొమెంటం పట్టికలో ఒక్క వారంలో పదివేల రెట్లకు మించి పెరిగిన కాయిన్ కనిపించింది. అదీ లూనాయే. పాత లూనా 2022 ఏప్రిల్‌లో 100 డాలర్లు దాటి, మే మధ్యకు సెంటులో వందో వంతు కూడా చేయని స్థితికి వచ్చింది. మే 28న కొత్త గొలుసు (బ్లాక్‌చెయిన్) మొదలై, కొత్త కాయిన్ అదే పేరుతో, అదే టిక్కరుతో (ఎక్స్ఛేంజీల్లో వాడే పొట్టి గుర్తు) వచ్చింది. పాతదానికి లూనా క్లాసిక్ అని వేరే పేరు పెట్టారు. టిక్కరును నమ్మి రెంటినీ ఒకే వరుసగా అతికిస్తే, సర్వం పోగొట్టుకున్నవాళ్ళ వారం చరిత్రలోకెల్లా గొప్ప లాభాల వారమైపోతుంది. ఆ వరుసను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

చేసిన మార్పులు:
1. గుర్తుగా టిక్కరు వాడటం మానేశాను. డేటా ఇచ్చేవాళ్ళు ఒక్కో కాయిన్‌కూ ఇచ్చే అంతర్గత సంఖ్యనే గుర్తుగా పెట్టాను.
2. వరుస మధ్యలో ఆగిపోతే ఖాళీ వదలడం లేదు. చివరి వ్యాపార ధర తర్వాత నూరు శాతం నష్టం వేస్తున్నాను. కొన్ని కాయిన్లకు ఇది కాస్త కఠినమే, అయినా ఖాళీ వదలడం కన్నా నిజానికి దగ్గర.
3. కాలంతో పాటు ఒక కాయిన్‌ను చూసేటప్పుడు లాగ్ రాబడి, కాయిన్లను కలిపి సగటు తీసేటప్పుడు మామూలు రాబడి. పోర్ట్‌ఫోలియో రాబడి అంటే మామూలు రాబడుల సగటే, లాగ్ రాబడుల సగటు కాదు. పైగా సున్నాకు లాగ్ ఉండదు.
4. వారం మొదట్లో మార్కెట్ క్యాప్ పది లక్షల డాలర్లు దాటని కాయిన్లను తీసేశాను.
5. వాల్యూమ్‌తో, అంటే ఎంత వ్యాపారం జరిగిందన్న అంకెతో, వడకట్టడం మానేశాను. 2019 మార్చిలో బిట్‌వైజ్ సంస్థ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఇచ్చిన విశ్లేషణలో, అప్పుడు ప్రకటిస్తున్న బిట్‌కాయిన్ వాల్యూమ్‌లో 95 శాతం నిజమైన వ్యాపారం కాదని తేల్చింది. తనలో తానే కొనుక్కుని అమ్ముకున్న అంకెతో జల్లెడ పట్టి లాభం లేదు.

ఈ దశలో కోడు మొత్తం రెండుసార్లు తిరగరాశాను.

మొత్తం: 37 గంటలు. తీర్పులు 2/9.

దశ 4: హాల్వింగ్

త్వరగా ముగిసింది, కానీ నాలుగో గడి గీయాల్సి వచ్చింది.

హాల్వింగులు జరిగినవి నాలుగు: 2012 నవంబరు 28, 2016 జులై 9, 2020 మే 11, 2024 ఏప్రిల్ 20. ఏడాది తర్వాత ధర సుమారు 80 రెట్లు, 4 రెట్లు, 6.5 రెట్లు, 1.3 రెట్లు. నాలుగూ పైకే. అయితే నాలుగేళ్ళ ఎడంతో తోచిన తేదీలు నాలుగేసి ఏరి అదే లెక్క వేశాను, వాటిలోనూ చాలా సెట్లు లాభమే చూపించాయి. మొత్తంగా ఇంత పెరిగిన వస్తువులో ఎక్కడ వేలు పెట్టినా లాభమే తగులుతుంది. నాలుగు పరిశీలనలతో ఏ పరీక్షా నిలబడదు.

సరఫరా లెక్క కూడా వేసి చూశాను. బిట్‌కాయిన్‌లో రోజుకు సుమారు 144 బ్లాకులు (లావాదేవీల కట్టలు) చేరతాయి, ఒక్కోదానికీ మైనింగ్ చేసేవాళ్ళకు కొత్త కాయిన్లు బహుమతిగా వస్తాయి. 2024లో ఒక్కో బ్లాకు బహుమతి 6.25 నుంచి 3.125కు తగ్గింది, అంటే కొత్త కాయిన్లు రోజుకు 900 నుంచి 450కి. అప్పటి ధర 64,000 చొప్పున తగ్గిన సరఫరా రోజుకు దాదాపు 2.9 కోట్ల డాలర్లు. రోజూ వందల కోట్ల డాలర్లు చేతులు మారే మార్కెట్‌లో ఇది చిన్న మొత్తం, పైగా ఎప్పుడొస్తుందో ఏళ్ళ ముందే అందరికీ తెలిసింది. ముందే తెలిసిన వార్త సంగతి 2024 జనవరిలోనూ కనపడింది. నేరుగా బిట్‌కాయిన్ కొని ఉంచే ఫండ్లైన స్పాట్ ఈటీఎఫ్‌లకు ఎస్ఈసీ 10న అనుమతి ఇచ్చింది, 11న వ్యాపారం మొదలైంది, 23 నాటికి ధర 39,000 కిందికి దిగింది.

‘తీర్పు లేదు’ అన్న గడిలో రాశాను.

మొత్తం: 41 గంటలు. తీర్పులు 3/9.

దశ 5: స్టాక్ సూచీలు

మొదట స్టాక్ సూచీకి శని, ఆదివారాల్లో సున్నా రాబడి నింపి కోరిలేషన్ (రెండు వరుసలు ఎంత కలిసి కదులుతాయన్న కొలత, 1 అంటే పూర్తిగా) తీశాను. తప్పు. ఏడింటిలో రెండు రోజులు సున్నాలైతే కోరిలేషన్ సుమారు 5/7 వర్గమూలం మేరకు, అంటే 0.85 రెట్లకు తగ్గిపోతుంది. 0.36 ఉండాల్సింది 0.30గా కనపడుతుంది.

రెండో తప్పు గడియారం. న్యూయార్క్ మార్కెట్ సాయంత్రం 4 గంటలకు మూస్తుంది. యూటీసీలో అది వేసవిలో 20:00, చలికాలంలో 21:00. నా క్రిప్టో రోజు 24:00కి ముగుస్తుంది. మధ్యలో మిగిలిన మూడు నాలుగు గంటల కదలిక మరుసటి రోజు స్టాక్ రాబడితో జతపడి, క్రిప్టో స్టాకుల్ని ముందే పసిగడుతోందన్న భ్రమ కలిగించింది. ఇది నిజమనుకుని ఒక సాయంత్రమంతా గడిపాను.

దిద్దుబాటు:
1. గంటవారీ ఫైళ్ళు దించి, క్రిప్టో రోజును న్యూయార్క్ ముగింపు దగ్గరే కోశాను. వేసవి సమయం మారే తేదీలను చేత్తో సరిచూశాను.
2. శుక్రవారం ముగింపు నుంచి సోమవారం ముగింపు దాకా క్రిప్టో రాబడిని ఒకే ముక్కగా కలిపాను. సెలవులకూ అంతే.

కోడు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి 2022 జనవరిలో ఐఎంఎఫ్ ప్రచురించిన అంకెలను కొలబద్దగా పెట్టుకున్నాను: బిట్‌కాయిన్, అమెరికా స్టాక్ సూచీ ఎస్ అండ్ పీ 500 రోజువారీ కోరిలేషన్ 2017–19లో 0.01, 2020–21లో 0.36. నా అంకెలు వాటి పక్కనే పడ్డాయి.

అసలు సంగతి ఆ రెండు అంకెల మధ్య దూరంలోనే ఉంది. ‘క్రిప్టోకు స్టాకులతో సంబంధం లేదు’ అన్నది ఒక కాలానికి నిజం, ఇంకో కాలానికి అబద్ధం. 2022 మార్చి 16న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టాక ఆ ఏడాది నాస్‌డాక్ స్టాక్ సూచీ 33 శాతం, బిట్‌కాయిన్ 64 శాతం పడ్డాయి. స్థిరమైన ఒక్క అంకె తీసుకుని ‘నష్టాలు పంచుకోవడానికి క్రిప్టో’ అని పథకం వేసుకున్నవాళ్ళకు, అవసరమైన ఏడాదిలోనే అది చేతికి రాలేదు. తోడు నడక. ఈ వరుసను మాత్రం 90 రోజుల కిటికీతో జరుపుతూ కొలవాలి.

మొత్తం: 49 గంటలు. తీర్పులు 4/9.

దశ 6: శోధనలు

గూగుల్ ట్రెండ్స్ నుంచి ‘బిట్‌కాయిన్’ అన్న మాటకు వారపు అంకెలు తీశాను. మొదటి ఫలితం అద్భుతం: శోధనలు పెరిగిన వారం కొంటే మంచి లాభం.

రెండు లోపాలు దొరికాయి. మొదటిది, ఆ ఫైల్లో తేదీ వారం మొదలయ్యే ఆదివారానిది, అంకె మాత్రం శనివారం దాకా ఉన్న వారమంతటిదీ. ఆదివారమే ఆ అంకె నాకు తెలిసినట్టు కొన్నాను, అంటే ఆరు రోజుల భవిష్యత్తు చదివి కొన్నాను. రెండోది, 0 నుంచి 100 అన్న కొలత మనం అడిగిన కాలంలోని గరిష్ఠాన్ని బట్టి వస్తుంది. ‘60 దాటితే కొను’ అన్న నా నియమానికి, 60 అంటే ఎంతో తెలియాలంటే తర్వాత రాబోయే శిఖరం ముందే తెలియాలి.

తేదీని ఒక వారం తర్వాతికి జరిపాను, అంకె బదులు గత నాలుగు వారాల సగటుతో నిష్పత్తి వాడాను. అద్భుతం పోయింది. మిగిలినది ఖర్చులు తీసేస్తే కనపడనంత సన్నం. ధర పెరిగితే జనం వెతుకుతారు, అంతవరకు గట్టిగా చెప్పగలను. తోడు నడక.

మొత్తం: 56 గంటలు. తీర్పులు 5/9.

దశ 7: మార్కెట్, పరిమాణం, మొమెంటం

పరిశోధకులు యూకున్ లియు, అలే త్సివిన్‌స్కీ, షీ వూ 2022లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో వేసిన వ్యాసం, క్రిప్టో రాబడుల్లోని తేడాల్ని ఈ మూడింటితో వివరించవచ్చని చూపించింది. దశ 3లోని పది లక్షల డాలర్ల గీత కూడా వాళ్ళదే. నేను అదే దారిలో చిన్న ప్రతి కట్టాను: ప్రతి వారం కాయిన్లను ఐదు భాగాలు చేసి, ఒక చివరి భాగం కొని ఇంకో చివరి భాగం అప్పు తెచ్చి అమ్మడం.

మార్కెట్ కదలిక గురించి అనుమానం లేదు. బిట్‌కాయిన్, రెండో పెద్ద కాయిన్ ఈథర్ రోజువారీ రాబడుల కోరిలేషన్ 0.8 దరిదాపుల్లో ఉంది. ఇరవై కాయిన్లు కొని రిస్కు పంచుకున్నాననుకునేవాళ్ళ చేతిలో నిజానికి ఉన్నది ఒకే పందెం, ఇరవై పేర్లతో. అయితే ఈ కారకం కూడా తోడు నడకే, రేపటి మార్కెట్ ఎటో అది చెప్పదు.

పరిమాణం కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది, చిన్న కాయిన్లు పెద్దవాటిని మించాయి. అప్పుడు ఖర్చులు వేశాను. కొనడానికి 0.25 శాతం, అమ్మడానికి 0.25 శాతం అనుకుని, ప్రతి వారం పూర్తిగా మార్చుకుంటే ఒక కాలికి (కొన్న భాగం ఒక కాలు, అమ్మిన భాగం ఇంకో కాలు) ఏడాదికి 26 శాతం, రెండు కాళ్ళకు 52 శాతం. అట్టడుగు కాయిన్లలో కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య ఎడం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా వాటిని అప్పు తెచ్చి అమ్మే వీలే ఉండదు. నా చేతికి రాని లాభాన్ని కారకమని రాయలేను. కొట్టివేత.

మొమెంటం దగ్గర ఎక్కువసేపు తటపటాయించాను. గత మూడు వారాల రాబడి చూసి వర్గీకరిస్తే పెద్ద కాయిన్లలో ఏదో ఉంది. 2021 తీసేస్తే బలహీనపడుతోంది. మూడు బదులు రెండు వారాలో, నాలుగు వారాలో పెడితే అంకె మారుతోంది. బాగా వచ్చినదాన్ని ఏరుకునే ప్రలోభం ఇక్కడే ఉంటుంది. మొదట రాసుకున్న మూడు వారాలే ఉంచి, ‘తీర్పు లేదు’ గడిలో వేశాను.

మొత్తం: 68 గంటలు. తీర్పులు 8/9.

దశ 8: లీవరేజి

పర్పెచువల్ ఫ్యూచర్లంటే కాయిన్ కొనకుండానే, తరచూ లీవరేజితో, దాని ధర మీద పందెం కాసే ఒప్పందాలు. వాటికి గడువు ఉండదు. స్పాట్ ధరకు (అసలు కాయిన్ అప్పటికప్పుడు అమ్ముడయ్యే ధరకు) దగ్గరగా ఉంచడానికి ఫండింగ్ అని, సాధారణంగా 8 గంటలకోసారి, ఒక పక్షం ఇంకో పక్షానికి చెల్లిస్తుంది. 0.01 శాతం అంటే ఏమీ కాదనిపిస్తుంది. రోజుకు మూడుసార్లు, 365 రోజులు వేస్తే ఏడాదికి 10.95 శాతం. పదిరెట్ల లీవరేజి మీద అయితే పెట్టిన సొమ్ములో ఏడాదికి నూరు శాతానికి పైగా.

ఓపెన్ ఇంటరెస్టును (ఇంకా మూయని పొజిషన్ల, అంటే పందేల, మొత్తాన్ని) మొదట డాలర్లలో తీసుకున్నాను. ధర పడితే అది పడుతోంది, ‘లిక్విడేషన్లు’ (పొజిషన్లను బలవంతంగా మూయడం) అని రాసుకున్నాను. చూడండి: లక్ష కాయిన్ల పొజిషన్లు 60,000 ధర దగ్గర 600 కోట్ల డాలర్లు. ధర 48,000కు వస్తే, ఒక్క పొజిషన్ కూడా మూయకుండానే 480 కోట్లు అవుతుంది. ధరతో ధరనే వివరిస్తున్నాను. కాయిన్లలోకి మార్చాక అసలు బొమ్మ కనిపించింది. ఎక్స్ఛేంజి నుంచి కోడుతో డేటా అడిగే దారి, ఏపీఐ, ఈ అంకెల్ని ఒక నెల వెనక్కే ఇస్తుంది, అందుకే ఇవాళే భద్రపరచడం మొదలుపెట్టండి, పాతవి రోజువారీ ఫైళ్ళలో వెతకాలి.

ఫలితం: ఫండింగ్ ఎక్కువగా ఉండటం ధర ఎటు పోతుందో చెప్పలేదు. పెరిగే మార్కెట్‌లో అది వారాల తరబడి ఎక్కువగానే ఉంటుంది. కానీ కాయిన్లలో ఓపెన్ ఇంటరెస్టూ, ఫండింగూ రెండూ ఎత్తులో ఉన్న రోజుల తర్వాత కదలిక పెద్దది, ఎటువైపైనా. యంత్రాంగం తెలిసిందే. పదిరెట్లు తీసుకున్నవాడి పొజిషన్ 10 శాతం పడకముందే బలవంతంగా అమ్ముడవుతుంది, ఆ అమ్మకం ధరను ఇంకాస్త దింపి పక్కవాడి గీత తాకుతుంది. తొమ్మిదింటిలో ‘ముందు సూచన’ గడిలోకి వెళ్ళినది ఇదొక్కటే. పక్కన రాసుకున్నాను: దిశకు కాదు, ఒడిదుడుకులకు మాత్రమే.

మొత్తం: 78 గంటలు. తీర్పులు 9/9. కొట్టివేత 2, తోడు నడక 4, తీర్పు లేదు 2, ముందు సూచన 1.

దశ 9: రిస్కును కొలవడం

దిశ చెప్పేది ఏదీ మిగలలేదు కాబట్టి, మిగిలిన ఓపికంతా ‘ఎంత’ అన్న ప్రశ్న మీద పెట్టాను. నా ఫైల్లో బిట్‌కాయిన్ రోజువారీ ప్రామాణిక విచలనం 3.6 శాతం దగ్గర వచ్చింది. రేపు నూటికి ఒక్క రోజు మాత్రమే దాటాల్సిన నష్టపు గీతను ముందుగా గీయడం పని.

మొదటి ప్రయత్నం: గత 250 రోజుల విచలనం తీసి 2.33తో గుణించడం, అంటే గంట ఆకారపు నార్మల్ పంపిణీ. 2,783 రాబడుల్లో మొదటి 250 పోగా 2,533 రోజులు పరీక్షకు మిగిలాయి. గీత దాటాల్సినది 25 సార్లు. దాదాపు రెట్టింపు దాటింది. అంతకన్నా చెడ్డ సంగతి, దాటినవన్నీ గుంపులుగా వచ్చాయి. నిన్న దాటితే ఇవాళా దాటుతోంది.

నార్మల్ ప్రకారం నాలుగు సిగ్మాలు (ప్రామాణిక విచలనానికి నాలుగు రెట్లు) దాటే రోజులు 2,783లో ఒక్కటీ రాకూడదు, లెక్క 0.18 వస్తుంది. నా ఫైల్లో పదికి పైగా ఉన్నాయి. 2020 మార్చి 12న ధర 7,900 దగ్గర మొదలైంది. మామూలు రాబడిలో 37 నుంచి 39 శాతం నష్టం, లాగ్‌లో 46 నుంచి 50. ఏడున్నరేళ్ళ వేరియన్స్ (విచలనపు వర్గం) మొత్తంలో ఆ ఒక్క రోజు వాటా 6–7 శాతం. ఆ రోజును ‘అసాధారణం’ అని తీసేసిన లెక్కలు చూశాను. రిస్కును కొలవడానికి కూర్చుని రిస్కునే తీసేయడం అది.

మార్పులు, వరుసగా:
1. 250 రోజుల సమాన బరువుల బదులు, నిన్నటికి ఎక్కువ బరువిచ్చే ఘాత సగటు, 0.94 గుణకంతో. ఒక రోజు ప్రభావం 11 రోజుల్లో సగమవుతుంది. గుంపులు విడిపోయాయి, సంఖ్య ఇంకా ఎక్కువే.
2. ప్రతి రాబడినీ ఆ రోజు అంచనా విచలనంతో భాగించి, ఆ నిష్పత్తుల్లో కింది 1 శాతం ఎక్కడుందో డేటానుంచే తీసుకున్నాను. 2.33 అన్న అంకె పూర్తిగా పోయింది. ఇప్పుడు సంఖ్య 25కి దగ్గరగా వచ్చింది.
3. దశ 8 ఓపెన్ ఇంటరెస్టును విచలనపు అంచనాలో చేర్చాను. కొంచెం మెరుగు. దొరికిన డేటా చిన్నది కాబట్టి దీన్ని వేరే నిలువు వరుసలో ఉంచాను, ప్రధాన గీతలో కలపలేదు.

ఈ గీత చెప్పనివి రెండు నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో ఉన్నాయి. ఒకటి, దీర్ఘకాలపు లోతు. 2021 నవంబరు 69,000 నుంచి 2022 నవంబరు 15,500 దాకా 77.5 శాతం పతనం. అక్కడి నుంచి మళ్ళీ మొదటికి రావాలంటే 4.45 రెట్లు పెరగాలి, దానికి 2024 మార్చి దాకా పట్టింది. రోజువారీ గీతల్ని ఎంత బాగా గీసినా ఈ ఇరవై ఎనిమిది నెలలు అందులో కనపడవు. రెండోది, ధరల ఫైల్లోకే ఎక్కని నష్టం. 2022 నవంబరు 11న క్రిప్టో ఎక్స్ఛేంజి ఎఫ్‌టీఎక్స్ దివాలా దాఖలు చేసిన రోజు బిట్‌కాయిన్‌కు ధర ఉంది. అక్కడ దాచుకున్నవాళ్ళకు మాత్రం ఆ ధరకు అమ్ముకునే దారి లేదు. నా రాబడుల వరుసలో అది ఒక మామూలు చెడ్డ వారం.

మొత్తం: 92 గంటలు.

దశ 10: ముందుకు నడిపే ఫైలు

పాత డేటా మీద ఎన్ని దిద్దుబాట్లు చేశానో పైన ఉంది. ఒక్కో దిద్దుబాటూ ఆ డేటాను చూశాకే చేశాను, కాబట్టి ఆ 25 అన్న అంకె నాకు ఇంకా రుజువు కాదు. కోడును ఇక్కడ ఆపేశాను. ఇకనుంచి:

1. రోజూ యూటీసీ అర్ధరాత్రికి స్క్రిప్టు తనంతట తానే నడుస్తుంది, రేపటి గీతను తేదీతో సహా ఒక ఫైలు చివర రాస్తుంది. పాత వరుసల్ని మార్చే వీలు లేకుండా ఒక్కో వరుసకూ ముందు వరుస హ్యాష్ (ఆ వరుసలో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి అంకె) కలిపాను.
2. 250 రోజులు నిండేదాకా కోడులో ఒక్క అక్షరమూ మార్చను.
3. లెక్క చూసేటప్పుడు అంతర్జాతీయ బ్యాంకింగ్ పర్యవేక్షకుల బాసెల్ కమిటీ 1996లో బ్యాంకులకు పెట్టిన కొలతే: 250 రోజుల్లో నాలుగు దాకా దాటితే పచ్చ, ఐదు నుంచి తొమ్మిది పసుపు, పది చేరితే ఎరుపు.
4. ఓపెన్ ఇంటరెస్టు కలిపిన గీత పక్క వరుసలో అదే నియమంతో నడుస్తుంది. రెండూ ఒకే రోజున తేలతాయి.

ఈ ఫైలు కాపీ ఒకటి ఆ కుర్రాడి దగ్గరా నడుస్తోంది. నాది ఆగినా వాడిది ఆగదు. నిన్నటికి 19 వరుసలు, దాటినవి 0, మిగిలినవి 231.